ఆచార్య సర్వేపల్లి రాధాకృష్ణన్

తెలుగువారి యింటిపేర్లలో పెక్కులు ఊళ్ల పేర్లే. తాతముత్తాతలనాడు ఒక కుటుంబము ఏ యూరినుండి తరలివచ్చెనో ఆ యూరి పేరే వారి యింటిపేరై నిలిచిపోవుట మనలో ఆచారము. చిలుకూరను ఊరు విడిచి వచ్చినవారు చిలుకూరివారైరి. వేమూరు విడిచి వచ్చినవారు వేమూరివారైరి. ఆ విధముగనే నెల్లూరు సీమయందలి సర్వేపల్లినుండి దక్షిణమునకు పోయి తిరుత్తణిలో స్థిరపడిన యొక తెలుగు బ్రాహ్మణ కుటుంబమునకు సర్వేపల్లివారను పేరు వచ్చెను. తిరుత్తణి కొండమీది కుమారస్వామి గుడిచే ప్రసిద్ధికెక్కిన యాత్రాస్థలము. ఆ దినములలో అది మద్రాసు రాజధానిలోనిది. తరువాత చిత్తూరు జిల్లాలో ఉండెను. 1960లో సరిహద్దులు సర్దుబాటు చేసినప్పుడు అది మద్రాసు రాష్ట్రమున చేర్పబడెను. ఊరు ఏ రాష్ట్రమున నున్నను ఆ యింటి భాష మాత్రము తెలుగే.

ఆ యింట 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన వీరాస్వామి, సీతమ్మ యను దంపతులకు రాధాకృష్ణన్ జన్మించెను. తండ్రి ఒక జమీందారు కొలువున చిన్న యుద్యోగి. సంసారము పెద్దది, రాబడి చిన్నది. కొడుకును పెద్ద చదువులు చదివించు స్తోమత ఆ తండ్రికి లేదు. రాధాకృష్ణన్ చదువు సాగుటకు కారణము ఆయనకు అడుగడుగునను లభించిన విద్యార్థి వేతనములే. పరీక్షలో వెనుకబడిన నాడు చదువు ఆగిపోవునన్న మాట. తోడివారికి పరీక్ష యనగా ఒక తరగతినుండి మరియొక తరగతికి పోవుట. ఆ బాలునకు పరీక్ష యనగా చదువుండుటయా, లేకుండుటయా యన్న ప్రశ్న.

తిరుత్తణిలో అక్షరాభ్యాసమైన పిమ్మట, 1896లో ఆయన తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేరెను. అది జర్మనీ దేశమునుండి వచ్చిన క్రైస్తవ మతబోధకులు నడపిన పాఠశాల. అచ్చట నాలుగేండ్లు చదివి, 1900లో వేలూరునందలి వూర్హీసు కళాశాలకు పోయెను. అది అమెరికా మిషనువారిది. పిదప పదునారేండ్ల ప్రాయమున మద్రాసు క్రైస్తవ కళాశాలలో ప్రవేశించెను. దానిని స్కాట్లండు దేశీయులు నడపుచుండిరి. ఇట్లు ఆయన విద్యాభ్యాసమంతయు వరుసగా మూడు దేశముల క్రైస్తవ బోధకుల యొద్దనే జరిగినది. ఇంట తల్లిదండ్రుల పూజాపునస్కారములు. వెలుపల తిరుపతి కొండకు పోవు యాత్రికుల గోవిందనామస్మరణ. తరగతిలో బైబిలు పాఠము. బాలుడు మితభాషి. ఆటపాటలకంటె పుస్తకముల సాంగత్యమే ఆయనకు హితముగా నుండెడిది.

ఆ యుపాధ్యాయులు దుర్మార్గులు కారు. వారిలో పెక్కురు శ్రద్ధాళువులు, దయగలవారు, విద్యార్థులకై శ్రమించువారు. కాని తాము నమ్మిన మతమే సత్యమనియు, హిందువుల నమ్మకములు చాలవరకు అసంబద్ధములనియు వారు బోధించుచుండిరి. ఆ విమర్శ బాలుని మనస్సును బాధించెను. అయినను ఆయన రోషపడి పుస్తకము మూసివేయలేదు. వారి మాటలలో నిజమెంత యని యోచింపసాగెను. ఆ కాలముననే వివేకానందస్వామి లేఖలు చేతివ్రాత ప్రతులుగ విద్యార్థుల మధ్య తిరుగుచుండెడివి. వానిని చదివినప్పుడు ఆయనకు తన పూర్వుల విద్యపై అభిమానము కలిగెను. ఒకవైపు అభిమానము, మరియొకవైపు సందేహము. ఈ రెంటి నడుమను ఆయన యౌవనము గడచెను.

ఆయన తత్త్వశాస్త్రమును ఎన్నుకొన్న తీరు విచిత్రమైనది. పట్టపరీక్షకు గణితము, భౌతికశాస్త్రము, జీవశాస్త్రము, చరిత్ర, తత్త్వశాస్త్రము మొదలగు వానిలో నొకదానిని కోరుకొనవలసి యుండెను. ఏది కోరవలెనో ఆయనకు తోచలేదు. అప్పుడే పట్టము పుచ్చుకొనిన బంధువొకడు తనకిక పనిలేని తత్త్వశాస్త్ర గ్రంథములను ఆయనకిచ్చెను. తర్కము, మనస్తత్త్వము, నీతిశాస్త్రములకు సంబంధించిన పాఠ్యగ్రంథములవి. పుస్తకములు కొనుటకు డబ్బు చాలని విద్యార్థికి ఊరక వచ్చిన పుస్తకములు చిన్న విషయము కాదు. ఆ పుస్తకములే ఆయన దారిని నిర్ణయించెను. ఆ బంధువు గణిత విద్యార్థియై యున్నచో ఏమై యుండెడిదో ఎవరు చెప్పగలరు? చదువుకొనుచున్న కాలముననే ఆయనకు పెద్దలు శివకాము అను కన్యతో వివాహము చేసిరి.

క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించినవారిలో ఎ. జి. హాగ్ అను నాచార్యుడు ముఖ్యుడు. ఆయన సూక్ష్మబుద్ధి. విద్యార్థి చెప్పినదానిని వెంటనే ఒప్పుకొనక, ప్రశ్నమీద ప్రశ్న వేసి యోచింపజేయువాడు. ఆ తరగతులలో ప్లేటో మొదలుకొని కాంటు వరకు ఐరోపా తత్త్వవేత్తలను బోధించెడివారు. ఉపనిషత్తులకు, శంకర రామానుజుల భాష్యములకు పాఠక్రమమున నాడు తగిన చోటు లేదు. తన దేశపు తత్త్వశాస్త్రమును తెలిసికొనగోరు విద్యార్థి తరగతి ముగిసిన తరువాత తానై చదువుకొనవలసినదే. రాధాకృష్ణన్ అట్లే చదువుకొనెను.

ఎం.ఏ. పట్టమునకై ఒక వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు, ఇరువది యేండ్లైనను నిండని ఆ విద్యార్థి సాహసించి, తన గురువర్గమువారు తరచుగ చేయుచుండిన ఆక్షేపణనే విషయముగా గ్రహించెను. ఆ యాక్షేపణ యేమి? వేదాంతమున నీతికి తావు లేదని. దానిని కొంచెము విప్పి చెప్పుకొందము. జగత్తు మాయ యని అద్వైతులందురు. త్రాటిని చూచి పామని భ్రమించినట్లు, పరబ్రహ్మమును చూచి ప్రపంచమని భ్రమించుచున్నామని వారి దృష్టాంతము. ఇది నిజమైనచో ఆకలిగొన్నవాని ఆకలియు భ్రమయే. వానికి పట్టెడన్నము పెట్టుటయు భ్రమయే. లేని పామును కొట్టనేల? లేని దుఃఖమును తీర్పనేల? మంచి చెడ్డల భేదమే లేనిచోట నీతి యెక్కడిది? విమర్శకుల వాదమిది. చిన్నగా త్రోసివేయదగిన వాదము కాదు.

రాధాకృష్ణన్ తన వ్యాసమున దీనికి సమాధానము చెప్ప యత్నించెను. మాయ యనగా ప్రపంచము బొత్తిగా లేదని యర్థము కాదనియు, ప్రపంచమునకు గల సత్త స్వతంత్రమైనది కాదనియు ఆయన వాదము. దీనిని మనము ఉపనిషత్తులలోని మన్ను, కుండ అను దృష్టాంతముతో బోధపరచుకొనవచ్చును. మన్ను లేక కుండ లేదు. అంతమాత్రమున కుండ అబద్ధము కాదు గదా! కుండతో నీరు తెచ్చుకొనుచున్నాము, దాహము తీరుచున్నది. ప్రపంచమును అట్టిదే. అంతేకాదు. అందరిలోను ఉన్న ఆత్మ ఒక్కటేయని వేదాంతము చెప్పుచున్నప్పుడు, ఎదుటివాని బాధ నా బాధ యగుచున్నది. పొరుగువానిని ప్రేమింపుమని ఇతర మతములు ఆజ్ఞాపించుచుండగా, ఎందుకు ప్రేమింపవలెనో వేదాంతము కారణము చూపుచున్నది. కనుక వేదాంతము నీతికి శత్రువు కాదు, పునాది.

వ్యాసమును పరీక్షింపవలసినవాడు హాగ్ పండితుడే. ఆయనయు మతబోధకుడే. గురువుల మతమునకు ఎదురు వ్రాసిన శిష్యునికి జంకు కలుగుట సహజము. పట్టము చేజారినచో ఉద్యోగమును చేజారును. రాధాకృష్ణన్ భయపడుచునే ఫలితమునకై యెదురుచూచెను. హాగ్ కోపింపలేదు. తత్త్వశాస్త్ర సమస్యలోని ముఖ్యాంశములను విద్యార్థి బాగుగ గ్రహించెననియు, చిక్కు వాదములను తేలికగా నడపగల శక్తి ఆయనకు కలదనియు, ఆంగ్లభాషపై అధికారము చక్కగా నున్నదనియు ప్రశంసించుచు యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చెను. 1908లో ఆ వ్యాసము అచ్చయ్యెను. పరీక్షించిన గురువును, ఎదిరించిన శిష్యుడును ఇరువురును మెప్పునకు తగినవారే యని మనకు తోచును.

1909 ఏప్రిలులో రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర విభాగమున చిన్న యుద్యోగమున చేరెను. ఉపాధ్యాయ శిక్షణకై సైదాపేటకు పోయెను. 1912లో మనస్తత్త్వశాస్త్రముపై ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఈ యేండ్లలో ఆయన పైకి కనిపింపక చేసిన పని మరియొకటి కలదు. ఉపనిషత్తులు, భగవద్గీత, బ్రహ్మసూత్రములు, వానిపై శంకర రామానుజ మధ్వాచార్యుల భాష్యములు, బౌద్ధ జైన గ్రంథములు వరుసగా చదువుచు వచ్చెను. ఆవల ప్లేటో, ప్లొటైనసు, కాంటు, బ్రాడ్లీ, బెర్గసను గ్రంథములను చదివెను. పగలు బోధన, రాత్రి పఠనము. తరువాతి కాలమున ఆయన కాగితము చేతబట్టకుండ గంటల తరబడి యుపన్యసించినప్పుడు విని విస్మయపడినవారు, ఆ ధారాళతకు వెనుక నున్న ఈ యేండ్ల చదువును గుర్తింపలేదు.

కొంతకాలము రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాలలో బోధించిన తరువాత, 1918లో మైసూరు విశ్వవిద్యాలయమువారు ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించిరి. ఆ విశ్వవిద్యాలయము అప్పటికి రెండేండ్ల బిడ్డ. మైసూరు మహారాజా కళాశాలలో ఆయన మూడేండ్లు పనిచేసెను. భారతీయ తత్త్వమున గొప్ప పండితుడగు హిరియణ్ణయు ఆ కళాశాలయందే యుండెను. అదే యేట రాధాకృష్ణన్ రవీంద్రనాథ ఠాకూరు తత్త్వమును గూర్చి వ్రాసిన గ్రంథము వెలువడెను. కవియే దానిని చదివి సంతోషించెను. 1920లో సమకాలిక తత్త్వశాస్త్రమున మతప్రాబల్యమును విమర్శించు గ్రంథము వెలువడెను. పాశ్చాత్య తత్త్వవేత్తలను వారి రంగముననే ఎదుర్కొన్న భారతీయుడెవరని ఇంగ్లండులో పండితులు విచారింపసాగిరి.

కలకత్తా విశ్వవిద్యాలయమును అప్పుడు నడపుచుండినవాడు ఆశుతోష ముఖర్జీ. మంచి పండితుడు ఏ ప్రాంతమున నున్నను తన విశ్వవిద్యాలయమునకు రప్పింపవలెనని ఆయన పట్టుదల. అంతకుముందే ఆయన మన దక్షిణదేశీయుడగు చంద్రశేఖర వెంకటరామనును భౌతికశాస్త్ర పీఠమునకు తీసికొనిపోయి యుండెను. తత్త్వశాస్త్రమునకు ఐదవ జార్జి చక్రవర్తి పేర నొక పీఠము కలదు. దానిని బ్రజేంద్రనాథ శీల్ అను మహాపండితుడు అలంకరించి యుండెను. 1921లో శీల్ మైసూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై వచ్చెను. మైసూరునుండి రాధాకృష్ణన్ ఆయన పీఠమునకు పోయెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిరెండేండ్లు. పండితులకు కొదువలేని వంగదేశమున అంత చిన్నవానిని, దూరప్రాంతమువానిని, అంత పెద్ద పీఠముపై కూర్చుండబెట్టుట ఆశుతోషునకే చెల్లెను.

మైసూరు విడుచు దినమున జరిగిన సంగతి ఇప్పటికిని చెప్పుకొనుచుందురు. రైలు స్టేషనుకు పోవుటకు పూలతో అలంకరించిన గుఱ్ఱపుబండి సిద్ధమయ్యెను. విద్యార్థులు గుఱ్ఱములను విప్పివేసిరి. తామే కాడి పట్టి బండిని వీథులవెంట స్టేషను వరకు లాగికొనిపోయిరి. మూడేండ్లు మాత్రమే ఆ యూర నున్న యాచార్యునికి జరిగిన వీడ్కోలిది.

ఆయన జీవితములోని పెద్ద గ్రంథము కలకత్తాలోనే వెలువడినది. ఇంగ్లండులో మ్యూర్‌హెడ్ అను పండితుడు తత్త్వశాస్త్ర గ్రంథమాల నొకదానిని నడపుచుండెను. అందులో భారతదేశమునకు చోటు కల్పింపవలెనని ఆయన రాధాకృష్ణన్‌ను కోరెను. దాని ఫలితమే భారతీయ తత్త్వశాస్త్రమను రెండు సంపుటముల గ్రంథము. మొదటి సంపుటము 1923లోను, రెండవది 1927లోను ప్రకటింపబడెను. మొదటి దానిలో వేదములు, ఉపనిషత్తులు, జైన బౌద్ధ మతములు, గీత వర్ణింపబడినవి. రెండవ దానిలో న్యాయ వైశేషిక సాంఖ్య యోగ మీమాంసా వేదాంతములను షడ్దర్శనములు వివరింపబడినవి. మన తత్త్వవేత్తలను పాశ్చాత్యుల కొలబద్దతో కొలిచినాడని కొందఱు పండితులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ పూర్తిగా నిరాధారమని చెప్పలేము. కాని ఆ గ్రంథము కాశీ పండితులకై వ్రాసినది కాదు. శంకరుని పేరైనను విననివారికి వ్రాసినది. వినువాని భాషలో చెప్పనిచో వినుటయే జరుగదు గదా!

1926లో ఆయన మొదటిసారి సముద్రము దాటెను. ఆక్సుఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో హిందువుల జీవితదృష్టిని గూర్చి ఉపన్యసించెను. ఆ యుపన్యాసములు మరునాటి యేట గ్రంథముగ వెలువడెను. అందు కర్మసిద్ధాంతమును ఆయన చీట్లాటతో పోల్చెను. చేతికి వచ్చిన ముక్కలు మనమెంచుకొన్నవి కావు. ఆడుట మాత్రము మన చేతిలోనిది. అంతయు విధివ్రాతయే యని చేతులు ముడుచుకొని కూర్చుండుట కర్మసిద్ధాంతము కాదని యింత తేలికగ చెప్పినవారు అరుదు. అదే యేట సెప్టెంబరులో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర సభలోను మాటలాడెను. తెల్లని తలపాగా, పొడుగు కోటు, ధోవతి ధరించిన యీ తెలుగువాని రూపము అచ్చటివారికి క్రొత్త. తడబాటు లేని ఆయన వాక్కు అంతకంటెను క్రొత్త.

1931లో రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆ సంస్థ 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో విశాఖపట్టణపు వాల్తేరునకు మారెను. మొదటి ఉపాధ్యక్షుడగు కట్టమంచి రామలింగారెడ్డి, ప్రభుత్వము దేశభక్తులపై సాగించిన నిర్బంధమునకు నిరసనగా పదవిని త్యజించెను. అట్టివాని తరువాత ఆ కుర్చీలో కూర్చుండుట సులభము కాదు. పైగా సముద్రతీరపు గుట్టలపై నాడు కట్టడములు లేవు, ధనమును అంతంతమాత్రమే. జయపురాధీశుడగు విక్రమదేవవర్మ యొక్క దానము ఆ సమయమున గొప్ప అండ యయ్యెను. ఆయన పేరనే విజ్ఞానశాస్త్ర కళాశాల వెలసెను. ఆనర్సు తరగతులు ఆరంభమయ్యెను.

తన విషయమున ఆశుతోషుడు చేసినదానినే రాధాకృష్ణన్ వాల్తేరులో తాను చేసెను. పేరుకంటె ప్రతిభను చూచి పడుచు పండితులను ఏరి తెచ్చెను. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము, రసాయనశాస్త్రమునకు టి. ఆర్. శేషాద్రి వచ్చిరి. వంగదేశమునుండి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వచ్చిరి. వీరందఱును తరువాత దేశమున ప్రఖ్యాతి గాంచినవారే. 1933 డిసెంబరులో రవీంద్రనాథ ఠాకూరు వాల్తేరునకు విచ్చేసి మానవుని గూర్చి యుపన్యాసములిచ్చెను. ఐదేండ్లకు రాధాకృష్ణన్ ఆ పదవి విడిచినప్పుడు రామలింగారెడ్డియే మరల ఉపాధ్యక్షుడయ్యెను.

1936లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ప్రాచ్యమతములకు, నీతిశాస్త్రమునకు ఒక క్రొత్త పీఠమును స్థాపించెను. స్పాల్డింగు అను ధనికుని విరాళముతో ఏర్పడిన యా పీఠమును మొట్టమొదట అధిష్ఠించినవాడు రాధాకృష్ణన్. విదేశమున ఒక్క దినమైనను విద్యార్థిగా నుండనివాడు, ఆక్సుఫర్డులో విద్యార్థులకు ఆచార్యుడయ్యెను. తిరుపతి మిషను పాఠశాలలో తన మతమును గూర్చి ఇతరులు చెప్పగా విని బాధపడిన బాలుడు, ఇప్పుడు ఆ మతమును గూర్చి పాశ్చాత్యదేశముననే తాను బోధించుచుండెను. ఆ బోధలో తిట్టునకు తిట్టు లేదు. ప్రాచ్య మతములను, పాశ్చాత్య చింతనను ఒకదానితో నొకటి సరిపోల్చుచు ఆయన వ్రాసిన గ్రంథము 1939లో వెలువడెను.

ఆ యేటనే మదనమోహన మాలవీయుడు వార్ధక్యముచే కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమును ఆయనకు అప్పగించెను. అచ్చట ఆదివారములందు ఆయన గీతపై ఉపన్యసించుచుండెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున విద్యార్థులు పాల్గొనగా, సైన్యము విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ఇక అది మూతపడునేమో యన్న భయము కలిగెను. రాధాకృష్ణన్ ప్రభుత్వముతో మాటలాడి, దానిని నిలిపి, తిరిగి తరగతులు నడపించెను. 1948 వరకు ఆ బాధ్యత వహించెను. స్వతంత్ర భారతమున విశ్వవిద్యాలయ విద్యను గూర్చి యోచించుటకు ఆ యేట నియమింపబడిన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు.

తరువాతి కథ మీలో పెక్కురకు తెలిసినదే. ఆయన 1949 నుండి 1952 వరకు సోవియట్ దేశమున రాయబారిగను, 1952 నుండి పదేండ్లు ఉపరాష్ట్రపతిగను, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగను ఉండెను. 1954లో భారతరత్న బిరుదమును పొందెను. 1956లో శివకాము మరణించెను. వారికి ఐదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు. ఆ కుమారుడగు గోపాల్ చరిత్రకారుడై తండ్రి జీవితచరిత్రను వ్రాసెను. 1962లో రాష్ట్రపతి జన్మదినమును జరుపుదుమని శిష్యులు, మిత్రులు కోరగా, దానికి బదులు ఆ దినమును ఉపాధ్యాయులందఱి పేర జరుపుడని ఆయన సూచించెను. అది మొదలు సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినమయ్యెను.

పదవీకాలము ముగిసిన పిమ్మట ఆయన మద్రాసులోని తన యింటికి తిరిగి వచ్చి శేషజీవితమును అచ్చటనే గడపెను. 1975లో టెంపుల్టన్ బహుమానము ఆయనకు లభించెను. ఆ ధనమును ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకే యిచ్చివేసెను. ఆ సంవత్సరము ఏప్రిలు 17వ తేదీన ఆయన మరణించెను. ఆయన యిల్లున్న రోడ్డునకు పూర్వము ఎడ్వర్డు ఎలియట్సు రోడ్డని పేరు. ఇప్పుడది రాధాకృష్ణన్ పేర పిలువబడుచున్నది.